మరుగుదొడ్డికి సరిపడా ఏడుపు

ఆ రోజుల్లో అంగన్‌వాడీల మరమ్మతులకు సర్కారు నుంచి పైసా వచ్చేది కాదు. గోడ మీది కెమెరాలో పిల్లలను చూసి ఎక్కడెక్కడి దాతలో జాలిపడితేనే వచ్చేది. ఏ ముఖం ఎంత దీనంగా ఉందో కెమెరాయే తూకం వేసి వాళ్లకు చూపించేది.

స్వరూప టీచర్ కేంద్రంలో మరుగుదొడ్డి పగిలి రెండేళ్లయింది. మురుగు పిల్లలు అన్నం తినే చాపల దాకా పారేది. అయినా వాళ్లు నవ్వుతూనే ఆడుకునేవారు. అందుకే ఎవరూ ఏమీ పంపలేదు.

"నవ్వే పిల్లలకు ఎవరిస్తరు స్వరూపా? గుడ్డు చూపెట్టి గుంజుకో, వాళ్లే ఏడుస్తరు," అంది సూపర్‌వైజర్ సునందమ్మ.

"పసిపోరగాళ్లు మేడం. నాతోని కాదు."

"మురికిల తిరిగి రోగమొస్తే అయితదా మరి?"

ఆ మాటకు స్వరూప లొంగిపోయింది. మూడేళ్ల హన్వికను కెమెరా ఎదుట నిలబెట్టి, ముందు ఉడికిన గుడ్డు పెట్టి, పాప చెయ్యి చాపగానే లాగేసుకుంది. పాప వెక్కి వెక్కి ఏడ్చింది. సాయంత్రానికల్లా డబ్బు పడింది. నెల తిరగకముందే తెల్లటి టైల్స్‌తో మరుగుదొడ్డి తయారైంది.

రిబ్బన్ కత్తిరించాక సునందమ్మ స్వరూప భుజం తట్టింది. "పైకప్పుకు గూడ ఈ పిల్లనే పెడదాం. మంచిగ ఏడుస్తది."

అంతలో పరుగెత్తుకొస్తున్న హన్విక గడప తన్నుకొని పడింది. మోకాలు చిట్లి రక్తం కారింది. పాప ఏడవలేదు. లేచి కుంటుకుంటూ కెమెరా ఎదుటికి వెళ్లి, అక్కడ నిలబడి అప్పుడు మొదలుపెట్టింది.

స్వరూప పరుగున కొత్త మరుగుదొడ్డిలోకి పోయి భళ్లున కక్కుకుంది. దాన్ని మొదట వాడింది ఆమే.