గుండె గ్యాలరీ

బొల్లారం, లాలాగూడ ఫుట్‌బాల్ జట్లు తలపడిన రోజున ఐలయ్య ఎన్నడూ కూర్చుని ఆట చూసినవాడు కాడు. గుండె ఆపరేషన్ అయినప్పటి నుంచి మాత్రం కూతురు స్వరూప అతన్ని ఏటా గుండె జబ్బువాళ్ల గ్యాలరీలోనే కూర్చోబెడుతోంది. దాని ముందు నిలువెత్తు అద్దం. అందులో ఆట రెండు నిమిషాలు ఆలస్యంగా కనిపిస్తుంది. కనిపించబోయేది కుర్చీ ముందే చెవిలో చెప్పి, గుండెను సిద్ధం చేస్తుంది.

"రెండు నిమిషాల్లో లాలాగూడ గోల్ కొడుతుంది. నిదానంగా ఊపిరి తీసుకోండి," అంది కుర్చీ.

"నీ నోట్ల మన్నువడ," అన్నాడు ఐలయ్య. "బిడ్డా, దీని నోరు మూయిస్తవా లేదా?"

"ఊకో నాయినా. అందరు మంచిగ కూసోలేదా?"

నిజమే. చుట్టూ ముసలివాళ్లు తమ జట్టు గోల్ కొట్టినా, ఎదుటి జట్టు కొట్టినా తలలాడిస్తూ బత్తాయి రసం తాగుతున్నారు. వాళ్లను చూస్తుంటే ఐలయ్యకు ఒళ్లు మండింది.

ఐలయ్య జట్టు బొల్లారం ఒక్క గోల్ వెనకబడి ఉండగానే ఆట చివరికొచ్చింది.

"రెండు నిమిషాల్లో మీ జట్టుకు పెనాల్టీ దొరుకుతుంది," అంది కుర్చీ.

అంటే బయట ఇప్పటికే దొరికింది. ఐలయ్య చెప్పులు వదిలేసి మెట్ల వైపు ఉరికాడు. అద్దం దాటి రెయిలింగ్ పట్టుకునేసరికి బొల్లారం ఆటగాడు బంతి ముందు నిలబడి ఉన్నాడు. గుండె వేగాన్ని కనిపెట్టే ఐలయ్య చేతి పట్టీ గోల పెడుతోంది. ఆటగాడు తన్నాడు. బంతి గోల్ పైనుంచి ఎగిరిపోయింది. రిఫరీ ఆఖరి విజిల్ ఊదాడు.

స్వరూప ఆయాసపడుతూ వచ్చింది. "ఏమైంది నాయినా? ఎందుకేడుస్తున్నవు?"

"ఓడినం బిడ్డా," అన్నాడు ఐలయ్య, మొహమంతా వెలుగుతుండగా. "ఎవ్వరు ముందుగాల చెప్పలే."