మూడో అంతస్తు బాత్రూం

ఈసారి మూత్రంలో రక్తం కనిపించింది. జ్యోత్స్న ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చలిజ్వరంతో మంచం ఊగుతుంటే పక్క మంచం మీది రమ్యే దుప్పటి లాగి అడిగింది.

"ఏందే, మళ్ల మంటనా?"

"మెల్లగ మాట్లాడు. అందరు వింటరు."

"వింటె విననీ. నారాయణగూడల యూరాలజీ డాక్టరున్నడు. లే, పోదాం."

"ఆయన మొగోళ్ల డాక్టర్ గాదె?"

"ఆడోళ్లకు కిడ్నీలు లేవా ఏంది? నడు, ఆటో పిలుస్త."

అశోక్ నగర్‌లోని ఆ ఆడపిల్లల హాస్టల్లో అందరూ గ్రూప్ పరీక్షలకు చదివేవాళ్ళే. అంతస్తుకు ఒక్కటే బాత్రూం; మూడో అంతస్తుది జ్యోత్స్న, రమ్యల గది పక్కనే. దసరా వెళ్ళినప్పటి నుంచి ఒక్కొక్కరే మానేసి, ఇప్పుడు దాని జోలికి ఎవరూ పోవడం లేదు. ఎన్నడో పరీక్ష తప్పి అందులోనే ప్రాణం తీసుకున్న ఆమని అనే అమ్మాయి ఇంకా లోపలే ఉన్నదని హాస్టలంతా చెప్పుకుంటారు. మూడో అంతస్తు పిల్లలు కూడా రెండో అంతస్తు వరుసలో చేరడంతో ఆ వరుస రెట్టింపయింది. జ్యోత్స్న నీళ్ళు తాగడం మానేసింది. తాగితే కదా వెళ్ళవలసి వచ్చేది!

డాక్టర్ వీరరాఘవరావు వయసు మళ్ళినవాడు. బయట కూర్చున్న మగరోగుల మధ్య నుంచి తల వంచుకొని వచ్చిన అమ్మాయిని కూర్చోమన్నాడు. స్కాన్ రిపోర్టు చూసి పక్కన పెట్టాడు.

"ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పాకిందమ్మా. ఇన్నాళ్ళూ ఎందుకు ఆపుకున్నావు?"

ఆమని కథంతా రమ్యే చెప్పింది.

"మొదట్ల మేమందరం భయపడ్డా, ఇదొక్కతే ధైర్యంగ పోతుండె సార్. ఒకనాడు లోపల గడియ కొట్టుకున్నదని ఒర్రుకుంట బయటికి ఉరికొచ్చింది. గప్పట్సంది ఇది గూడ బందు పెట్టింది."

ఆయన నవ్వలేదు. "ఆ చప్పుడు మోటారు వేసినప్పుడేనా?"

రమ్య ఆలోచించింది. "అవును సార్, ఎక్కువ గప్పుడే."

"పైపులో గాలి చేరితే గోడ అదురుతుంది. గోడ అదిరితే గడియ కొట్టుకుంటుంది. అందులో దయ్యానికి పనేమీ లేదు."

"మరి గాజులు సార్? మట్టిగాజుల సప్పుడు గూడ వస్తదంట."

గాజుల మాట జ్యోత్స్న అంతకుముందు వినలేదు. ఎవరు చెప్పారన్నట్టు చప్పున రమ్య వైపు తిరిగింది.

డాక్టరు ఆమె వైపు వంగాడు. "చూడమ్మా, ఆమని నిన్నేమీ చేయలేదు. నీకు చేటు చేసేది ఆపుకోవడమే. ఇంకొక్కసారి ఇలా వచ్చిందా, ఆసుపత్రిలో చేరాల్సిందే. నీ పరీక్ష మాట అటుంచు, ఆ కిడ్నీ నీకు దక్కుతుందని నేను చెప్పలేను. నీళ్ళు బాగా తాగు. వచ్చినట్టు అనిపించగానే వెళ్ళు. వరుసలో నిలబడి బిగబట్టుకోవద్దు. నీ గది పక్కనే ఉన్నదిగా!"

"సరే సార్" అంది జ్యోత్స్న.

గదికి వచ్చి మందులు మింగింది. సీసాడు నీళ్ళు తాగి పడుకుంది. రమ్య పుస్తకాలు సంచిలో వేసుకొని చిక్కడపల్లి లైబ్రరీకి బయలుదేరుతూ గుమ్మంలో ఆగింది.

"డాక్టర్ చెప్పింది యాదికున్నది గద? ఆ ఆమనిని జర పక్కకు జరగమని చెప్పి పోయిరా" అని నవ్వింది.

జ్యోత్స్న దుప్పటి ముఖం మీదికి లాక్కుంది.

పొద్దు వాలే వేళకు మెలకువ వచ్చింది. కడుపు బిగిసి ఉంది. ఇక ఆగేటట్టు లేదు. కరెంటు పోయినట్టుంది, ఫ్యాను నిలిచి ఉంది. గోడ పట్టుకొని పక్కనున్న ఆ బాత్రూం తలుపు దాకా నడిచింది. బయటి గొళ్ళెం మీద దుమ్ము పేరుకొని ఉంది. కింద రెండో అంతస్తు నుంచి ఆడపిల్లల మాటలు వినిపిస్తున్నాయి. వరుస అప్పుడే మెట్ల దాకా వచ్చింది.

గొళ్ళెం మీద చెయ్యి వేసింది.

కరెంటు లేదు కాబట్టి మోటారు లేదు. మోటారు లేదు కాబట్టి పైపులో గాలి లేదు. ఆమె ఈ లెక్క మనసులోనే చెప్పుకుంది. అయినా తలుపు అవతల గడియ మెల్లగా కదిలినట్టు వినిపించింది. ఆ తరువాత గాజులు.

పొత్తికడుపులో సూదులు పొడిచినట్టయింది. కుడిపక్క నడుములో పోటు మొదలైంది. డాక్టరు మాటలు ఒక్కొక్కటీ గుర్తుకొచ్చాయి. చెయ్యి మాత్రం గొళ్ళెం మీది నుంచి దానంతటదే జారిపోయింది.

పొద్దుటి వరుస తప్పించుకొని ఈ బాత్రూం తనొక్కతే వాడుకోవచ్చని, దసరా వెళ్ళగానే ఆమని పేరునూ చావునూ తానే కల్పించి హాస్టలంతా పాకించిన జ్యోత్స్న, కాళ్ళు రెండూ బిగించుకొని మెట్లు దిగి, రెండో అంతస్తు వరుసలో అందరికన్నా వెనక నిలబడింది.