పోర్టు తాళం

బురుల్‌ను చంపింది ఎర్మెక్. ఆమె మొగుడు సగిన్‌కు ఇందులో అనుమానం లేదు.

నరీన్ పట్టణ ఆసుపత్రి కంప్యూటర్ గదిలోకి తలుపు తట్టకుండానే వెళ్లాడు. ఏళ్ల తరబడి బురుల్ పక్క కుర్చీలో పనిచేసిన ఎర్మెక్, నెట్‌వర్క్ స్విచ్‌లో వైర్లు తగిలించే ఒక్కో పోర్టుకూ కీబోర్డు మీదే తాళం తీస్తున్నాడు.

"రా బావా, కూర్చో. టీ పోయనా?"

"బావా లేదు, గీవా లేదు. బురుల్ పోయాక తీస్తున్నావా తాళాలు?"

ఎర్మెక్ ఇంకో పోర్టు తాళం తీశాడు.

"పెద్ద డాక్టరు చెప్పాడు. ఆ తాళం వేస్తే గోడలో ఏ పోర్టుకు మొదట ఏ మెషీన్ తగిలిస్తే దాన్నే గుర్తుపెట్టుకుంటుందట. వేరేది పెడితే లైను మూసుకుంటుందట. నిజమేనా?"

"నిజమే."

"బురుల్ ఇక్కడే రోగిగా చేరినప్పుడు, కొండలు కనిపిస్తాయని దానికి కిటికీ పక్క మంచం అడిగింది నేనే. దానితోపాటు గుండె మెషీన్‌నూ అక్కడికి మార్చారు. లైను మూసుకుంది. దాని గుండె ఆగిపోతుంటే నర్సుల బల్ల దగ్గర అలారం చిటుక్కుమనలేదు. తాళం వేసిందెవడు?"

"నేనే అనుకో."

"అనుకోవడమేంట్రా? వేశావా లేదా?"

"వేశాను."

"ప్రాసిక్యూటర్ ముందు ఇదే మాట అంటావా?"

"అంటాను."

సగిన్‌కు కోపం రాలేదు. ఊరటా కలగలేదు. "పద" అన్నాడు. ఎర్మెక్ కోటు తీసుకున్నాడు.

గుమ్మంలో నర్సు కలీచా అడ్డం నిలబడింది.

"ఎక్కడికిరా కోటేసుకుని, పెళ్లికా? పిల్లలు గలవాడివి. జైలుకెళ్తే వాళ్లకు రొట్టె ఎవరు పెడతారు? నిజం చెప్పి చావు."

"నువ్వూరుకో అక్కా."

"ఎందుకూరుకోవాలి?"

"పూడ్చేముందు ఆచారం ప్రకారం 'ఎలాంటి మనిషి?' అని ముల్లా అడిగాడు. 'మంచి మనిషి' అని అందరితోపాటు నేనూ సాక్ష్యం చెప్పాను. మట్టి ఆరకముందే మాట మార్చమంటావా?"

సగిన్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఎవరి సంగతిరా ఇది?"

ఎర్మెక్ తల వంచుకున్నాడు. కలీచాయే చెప్పింది.

"మేం సీరియళ్లు చూడ్డానికి మా లాప్‌టాప్‌లు తగిలిస్తున్నామని ఆ తాళాలు వేసింది బురుల్ అక్కే, బావా."

సగిన్ టోపీ పెట్టుకున్నాడు.

"ఇంటికి పోతున్నా. ఈ మాట ఇక నా ముందు ఎత్తకండి. నేనూ ఎత్తను."