జతలో ఒకటి

బైకు వెనక చక్రానికి కుదుపులాపే పాత షాకులు రెండూ విప్పి మెకానిక్ నేలమీద పెట్టాడో లేదో, షెడ్డు గుమ్మంలో నిలబడ్డ పెద్దాయన వంగి ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

బైకు యజమానికి ఒళ్లు మండింది.

ఈయనకు దూరప్రయాణాల పిచ్చి. ఆ పిచ్చికి బలయ్యేది మాత్రం వెనక సీట్లో కూర్చునే భార్య నడుము. ప్రతి గుంతా ఆవిడ వెన్నులోనే దిగేది. మంచి షాకులు వేయిస్తే తప్ప ఇక బండెక్కనని ఆవిడ మొండికేసింది.

“ఇవి పారేసేవేనా బాబూ? నాకొకటి ఇప్పించండి” అన్నాడు పెద్దాయన.

“ఒక్కటేం చేసుకుంటారు?”

“మా బండికండీ. ఒక వైపు ఉంది. రెండో వైపు...”

“ఒంటి షాకుతో నడిచే బండి ఎక్కడుందండీ?”

మెకానిక్ కిసుక్కున నవ్వాడు. దాంతో యజమానికి హుషారెక్కువైంది. పాత ఇనుము బేరగాళ్లకు కథలు బాగానే వచ్చునన్నాడు. జతలో ఒకటి పోతే రెండోది ఎందుకూ కొరగాదన్నాడు. పెద్దాయన ఇంకేదో చెప్పబోతుంటే చేతిలోది లాక్కున్నాడు.

“ఇచ్చేయండీ, మనకెందుకవి?” అంది పక్కనే నిలబడ్డ భార్య మెల్లగా.

“నీకు తెలీదు, ఊరుకో.”

పెద్దాయన చేతికంటిన గ్రీజు తుడుచుకుని వెళ్లిపోయాడు. షాకులు రెండూ ఇంటికొచ్చి అటకెక్కాయి. ఆ ఇంట్లో అటకెక్కిన వస్తువేదీ మళ్లీ దిగిన దాఖలా లేదు.

కొత్త షాకుల్ని ముందు దగ్గర్లోని కొండల్లో చూసుకుందామని ఇద్దరూ బయల్దేరారు. గుంత వచ్చిందో పోయిందో కూడా తెలియలేదు. నడుము గురించి భార్య ఒక్క మాటా అనకపోయేసరికి ఆయనకు ధైర్యం తలకెక్కింది. తారురోడ్డు వదిలేసి మట్టిదారిలోకి తిప్పాడు.

మలుపులో చక్రం జారింది.

ఆయన లేచాడు. ఆవిడ లేవలేదు.

“కాళ్లు ఉన్నట్టే తెలియట్లేదండీ” అంది.

ఆయనకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఫోన్ చేస్తే ఆ దారికి అంబులెన్సు రాదన్నారు. కొండ మీదివాళ్ల దగ్గర రోగుల్ని దించే బండి ఒకటుంది, కబురు పెడతామన్నారు.

వానలో వచ్చిందా బండి. పాత మోటార్‌సైకిల్ వెనక తగిలించిన రెండు చక్రాల బల్ల, దాని మీద పరుపు. నడిపేవాడితో పాటు ఇంకో మనిషి ఉన్నాడు. రెయిన్‌కోటు టోపీ మొహం మీదికి లాక్కున్నాడు. ఆవిడను కదలకుండా ఎక్కించాక, అతను ఎడమవైపు వంగి బల్ల కింద భుజం పెట్టాడు. బండి నడక వేగంతో కొండ దిగి ఆసుపత్రి చేరేదాకా ఆ భుజం తియ్యలేదు. కుడివైపు భార్య చెయ్యి పట్టుకుని నడుస్తున్న ఆయన అటు చూడనే లేదు.

“నరం నలిగింది, తెగలేదు. మెల్లగా నడుస్తారు” అంది డాక్టరమ్మ. “దారిలో గట్టి కుదుపు ఒక్కటి తగిలున్నా ఈ మాట చెప్పగలిగేదాన్ని కాదు.”

ఆ ఇద్దరికీ దణ్ణం పెడదామని ఆయన బయటికి పరుగెత్తాడు. నడిపేవాడొక్కడే బండి కడుగుతున్నాడు.

కుడి చక్రం దగ్గర పాత బైకు షాకు ఉంది. ఎడమ చక్రం దగ్గర చెక్కముక్క ఉంది.

ఆయన వంగి ఆ చెక్కను తడిమి చూశాడు.

“ఇటువైపు షాకు లేదేం?”

“విరిగిపోయిందండీ. మా పెద్దాయన టౌన్లో అడిగితే ఎవరూ ఇవ్వలేదట. అప్పట్నుంచీ ఆ పక్క ఆయనే భుజం కాస్తున్నాడు.”

“ఆయనేరి?”

“భుజం వాచిపోతే కట్టు కట్టించుకుని ఇప్పుడే వెళ్లాడండీ. మీకేం చెప్పమనలేదు. అమ్మగారికి మాత్రం, ఆ రోజు షెడ్డులో ‘ఇచ్చేయండీ’ అన్న మాట మర్చిపోలేదని చెప్పమన్నాడు.”