చెద తిన్న ముగింపు

"ఈ చెదపురుగులకు ఎంత అభిరుచో చూడవయ్యా. బీరువా నిండా పుస్తకాలుంటే వాటికి ఈ ఒక్క నవలే కావాలి. అందులోనూ చివరి అధ్యాయమే కావాలి," అంది లైబ్రేరియన్.

వెనక గదిలో పుస్తకాలు కుట్టే బైండరు తలెత్తలేదు. సూదిలోకి దారం ఎక్కిస్తూ, "వాటి నోటికి అదే రుచేమో మేడమ్," అన్నాడు.

ముగింపు లేకపోయినా ఆ నవలకు గిరాకీ తగ్గలేదు. కథానాయిక వంతెన మీద ఒంటరిగా నిలబడి ఉండగా పేజీలు అయిపోతాయి. ఆపైన ఎవరికి తోచింది వాళ్ళు అల్లుకున్నారు. ఆమె ఇంటికి తిరిగి వెళ్ళి ఉంటుందనుకున్న నర్సు, ఏళ్ళ తరబడి మాటల్లేని తల్లికి ఫోన్ చేసింది. వంతెన దాటి అవతలికి పోయి ఉంటుందనుకున్న బట్టలు కుట్టే ఆవిడ, తన్నే మొగుణ్ణి వదిలేసి సొంతంగా కొట్టు పెట్టుకుంది. ఇద్దరూ ఎదురుపడితే నాది నిజమంటే నాది నిజమని కీచులాట. అది విని బైండరు ముసిముసిగా నవ్వుకునేవాడు. అతను నవ్వేది అప్పుడొక్కప్పుడే.

ఆ సాయంత్రం కాలేజీలో చదివే ఒక పిల్ల వెనక గదిలోకి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"బాబాయ్, చివరికి ఆమె ఏం చేసింది? మీరు మొత్తం చదివారటగా."

అతని చేతిలో సూది ఆగిపోయింది. "ఇంటికెళ్ళిపోయిందమ్మా. వాళ్ళ నాన్న తలుపు తీసిపెట్టుకుని, అన్నం తినకుండా కూర్చునున్నాడు. ఒక్క మాట కూడా అనలేదు."

"నేను నమ్మను. అంత తేలిగ్గా ఇల్లు చేరే మనిషి వంతెన దాకా ఎందుకెళ్తుంది?"

అతను తలవంచి మళ్ళీ కుట్టసాగాడు.

మర్నాడు అతను వచ్చేసరికి బల్ల మీద విప్పిన పార్సిల్ ఉంది.

"కొత్త ముద్రణ. ఇక చెదల గొడవ లేదు," అంది లైబ్రేరియన్ సంబరంగా. "మొదటి కాపీ అప్పుడే పోయింది. ఆ కళ్ళుబ్బిన పిల్ల, నేను తాళం తీయకముందే వచ్చి మెట్ల మీద కూర్చుంది."

బైండరు చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాడు. అటూ ఇటూ చూశాడు. ఆ పిల్ల ఎక్కడా లేదు.

"ఏమైందయ్యా, పుస్తకమేగా," అంది లైబ్రేరియన్ గుమ్మంలోంచి.

చివరి పేజీ దాకా చదివిన తన కూతురు వంతెన నుంచి తిరిగి రాని నాటి నుంచీ, ఆ పుస్తకానికి పట్టిన చెద అతని కత్తే.