లాభసాటి డిగ్రీ

అది 1964. ధర్మవరం కమిటీ కాలేజీలో ఏ డిగ్రీ నష్టం తెస్తోందో తేల్చి, దాన్ని మూయించి రమ్మని యూనివర్సిటీ ఆదినారాయణను పంపింది. ఆయన అర్థశాస్త్రంలో దిట్ట. ఆ సంగతి ఎదుటివాళ్ళు ఎక్కడ మరిచిపోతారోనని రెండు మాటలకోసారి గుర్తు చేస్తుంటాడు.

కమిటీ అధ్యక్షుడు తిప్పన్న లెక్కల పుస్తకం ముందు పెట్టాడు. ఆయనకు ఊళ్ళో నలభై పట్టుమగ్గాలున్నాయి. చదువు మూడో తరగతితోనే ఆగినా అంకెలన్నీ నోటికొచ్చు.

“బియస్సీ చూడండి సార్. పదహారు మంది పిల్లోళ్ళు. ఫీజు మూడువేల రెన్నూర్లు వస్తాది. నలుగురు లెక్చరర్ల జీతాలు, ల్యాబు, గ్యాసు... పద్నాలుగు వేలు పోతాండాది.”

“సిగ్గుచేటు!” అన్నాడు ఆదినారాయణ, ఎదురుగా కూర్చున్న ఫిజిక్సు లెక్చరర్ హనుమంతరాయుణ్ణి చూస్తూ.

హనుమంతరాయుడు కుర్చీ అంచుకు జరిగాడు. బియస్సీ మూస్తే ఉద్యోగం పోతుంది. ఇంట్లో ముగ్గురు పిల్లలు.

తిప్పన్న పేజీ తిప్పాడు. “ఇంక బీఏ తెలుగు. ఇరవై రెండు మంది. ఫీజు నాలుగు వేలకు నలభై తక్కువ. ఖర్చు నూటనలభై. సుద్దముక్కలు, నాలుగు పుస్తకాలు. అంతే.”

ఆదినారాయణ కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. “మరి పాఠం చెప్పేవాళ్ళ జీతం?”

“ఆయమ్మ ఒగతే చెప్తాది. ఎమ్మే పాసయ్యింది. జీతం తీసుకోదు.” తిప్పన్న తలుపు వైపు గడ్డం ఊపాడు.

తలుపు పక్కన నీలావతి కొంగు నిండుగా కప్పుకుని నిలబడి ఉంది. రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు. చూపు నేల మీది నుంచి లేవలేదు. ఇంత చదివి ఇంత వినయమా అని ఆదినారాయణ కరిగిపోయాడు.

“చూశారా రాయుడుగారూ! మీకేమో నెల తిరిగేసరికి రెండు వందలు లెక్కపెట్టి చేతిలో పెట్టాలి. ఈవిడకు చదువు చెప్పడమే చాలు. మీరూ మనిషే, ఈవిడా మనిషే!”

“సార్, ఆయమ్మ సంగతి వేరే...”

“అసూయ పడకండి మాస్టారూ. ఒకళ్ళ మంచి చూసి ఓర్వలేకపోవడమే మన జబ్బు.”

తిప్పన్న హనుమంతరాయుడి వైపు ఒకసారి చూశాడు. ఇంకా అందాల్సిన మూడు నెలల జీతం గుర్తొచ్చి హనుమంతరాయుడు నోరు మూసుకున్నాడు.

ఆదినారాయణ అక్కడికక్కడే రిపోర్టు రాశాడు. బియస్సీ మూసేయాలి. మిగతా డిగ్రీలను బీఏ తెలుగు పద్ధతిలో నడపాలి. కింద సంతకం పెట్టి తిప్పన్న చేతికిచ్చాడు. హనుమంతరాయుడు లేచి వెళ్ళిపోయాడు. తిప్పన్న ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, స్టేషనుకు జట్కా పిలవడానికి తానే బయటికి నడిచాడు.

ఆదినారాయణ నీలావతి దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు.

“అమ్మా, ఈ రోజుల్లో ఇంత త్యాగం నేనెక్కడా చూడలేదు. పైవాళ్ళకు మీ పేరు ప్రత్యేకంగా రాస్తాను. ఇంతకీ, జీతం వద్దని ఎందుకన్నారు?”

నీలావతి మొదటిసారి తలెత్తింది. వాకిట్లో తిప్పన్న లేడని చూసుకుంది. ఆ తర్వాత ఆ అర్థశాస్త్రజ్ఞుణ్ణి కింది నుంచి పైదాకా ఒకసారి చూసింది.

“నేను వద్దనలేదు సార్. ఆయప్ప మా మామ. ఇంటి కోడలు మగ్గానికి కండెలు చుట్టినా, పాఠం చెప్పినా కూలెందుకంటాడు.”