కిందకి చూసే కెమెరా

"బాబాయ్, మళ్ళీ వచ్చింది."

చేతిలోని తెర మీద నుంచి కళ్ళు తీయకుండానే అంది ఉమాశ్రీ.

వ్యాను తలుపుకి ఆనుకుని టీ తాగుతున్న డ్రైవరు కొండలరావు వంగి చూశాడు.

తెర మీద ఇసుక దిబ్బ. దిబ్బంతా వలలు పరిచి ఆరబెట్టిన నెత్తళ్ళు, వేలెడంత చేపలు. మధ్యలో ఓ ముసలావిడ. చివర ఎర్రగుడ్డ కట్టిన వెదురుకర్ర పైకెత్తి, దిగుతున్న డ్రోన్ మీదకి ఊపుతోంది.

నోరు కదులుతోంది. ఏం తిడుతోందో వినపడదు. డ్రోన్‌కి కన్నుంది గానీ చెవుల్లేవు. ఆ ఉన్న ఒక్క కన్నూ కిందకే చూస్తుంది.

"దీని గాలికి ఇసుక లేచి చేపల మీద పడుతోందేమోనమ్మా. ఆవిడ కష్టం ఆవిడది" అన్నాడు కొండలరావు.

"మన కష్టం ఎవరికి చెప్పుకోవాలి బాబాయ్?"

ఆ కష్టం చిన్నదేమీ కాదు. పొద్దున్నే బందరులో మందులు ఎక్కించుకుని, గుంతల్లో నడుములు విరగ్గొట్టుకుంటూ దివిసీమ చివర కరకట్ట దాకా రావాలి. అక్కడితో రోడ్డు అయిపోతుంది. అవతల కృష్ణ పాయ, పాయకి అవతల ఉప్పులంక. పడవ మీద వెళ్ళాలంటే సముద్రపు పోటు చూసుకోవాలి, పడవ నడిపే మనిషి తీరిక చూసుకోవాలి. అందుకే ఆ చివరి మూడు కిలోమీటర్లకీ డ్రోన్ పెట్టారు.

ఆరు నెలలుగా, వారానికి మూడు రోజులు ఇదే పని. లంకలో చెట్టూ కరెంటు తీగా అడ్డులేని చోటు ఆ చేపల దిబ్బ ఒక్కటే.

పంపేవాటిలో తప్పకుండా చేరాల్సిన పొట్లం ఒకటుంది. పదకొండేళ్ళ జ్యోతిర్మయికి ఇన్సులిన్. ఇంట్లో ఫ్రిజ్ లేదు కాబట్టి ఐసుతో సహా కొద్దికొద్దిగా పంపాల్సిందే. ఒక్క పూట తప్పినా ఆ పిల్ల తట్టుకోలేదు.

కర్ర చివరి గుడ్డ డ్రోన్ కాలికి దాదాపు తగిలినంత పని చేసింది. తెర ఊగింది. ఎలాగో పొట్లం దించి, డ్రోన్‌ని వెనక్కి రప్పించింది ఉమాశ్రీ.

అప్పటికప్పుడు లంక పంచాయతీలో పనిచేసే సోమేశ్వరరావుకి ఫోన్ చేసింది.

"ఆ ముసలావిడని దిబ్బ మీద లేకుండా చూడండి. డ్రోన్ పడితే మా ఉద్యోగాలు పోతాయండీ."

"చేపల కాపలా మనిషండీ. ఎక్కడికి పొమ్మంటాం?"

"వినకపోతే పోలీసు కేసు పెడతామన్నారని చెప్పండి."

"అంత మాటెందుకమ్మా" అన్నాడు కొండలరావు నెమ్మదిగా.

ఉమాశ్రీ ఫోన్ పెట్టేసింది. అలిసిపోయిన మనిషికి అవతలివాళ్ళ వైపు నుంచి ఆలోచించే ఓపిక ఎక్కడుంటుంది?

తరవాతి సారి దిబ్బ మీద ముసలావిడ లేదు. డ్రోన్ హాయిగా దిగింది.

"చూశావా బాబాయ్, ఎంత ప్రశాంతంగా ఉందో" అంది.

ఆ తరవాతి సారి కూడా ఆవిడ లేదు. డ్రోన్ దిబ్బ మీదకి చేరింది, కిందకి దిగడం మొదలుపెట్టింది. ఉన్నట్టుండి తెర గిర్రున తిరిగింది. ఆకాశం, నీళ్ళు, ఆకాశం. ఆ తరవాత ఏమీ లేదు.

"ఏమైందమ్మా?"

"తెలీదు బాబాయ్."

"ఇన్సులిన్?"

"దాంట్లోనే ఉంది."

అదృష్టం బాగుండి వ్యానులో ఇంకో పొట్లం ఉంది. పడవ దొరకడానికి గంటన్నర పట్టింది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఐసుపెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది ఉమాశ్రీ.

రేవులో ఆశా కార్యకర్త మాధవీలత కాచుకుని ఉంది. పెట్టె అందుకుని ఊళ్ళోకి పరిగెత్తింది.

చాలాసేపటికి తిరిగొచ్చింది.

"వేశానండీ. పిల్ల నీరసపడింది గానీ, ఫర్వాలేదు."

ఉమాశ్రీ ఇసుకలోనే కూలబడింది. అప్పుడొచ్చింది ఏడుపు. కొండలరావు మంచినీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాడు.

కళ్ళు తుడుచుకుని చూస్తే దిబ్బ బోసిగా ఉంది. వలలు లేవు, చేపలు లేవు.

"ఆ ముసలావిడ ఏదండీ?"

"పెద్దింట్లమ్మా? పోలీసు కేసంటే హడలిపోయింది పాపం. దిబ్బ మీదకి రావద్దంటే ఇంక ఇక్కడ కాపలా పనేముంది? నిన్ననే కృత్తివెన్ను వైపు వెళ్ళిపోయింది, రొయ్యల చెరువుల మీద పనికి. ఇంక రానంది."

ఉమాశ్రీకి మింగుడు పడలేదు.

"కర్రతో కొట్టే ఆవిడ లేనేలేదు కదండీ. మరి డ్రోన్ ఎందుకు పడింది?"

మాధవీలత ఆశ్చర్యంగా ఉమాశ్రీ వైపు తిరిగింది.

"మీకు తెలుసనే అనుకున్నామండీ మేమంతా."

"ఏంటండీ తెలిసేది?"

మాధవీలత చెయ్యెత్తి చూపించింది. దిబ్బకి సరిగ్గా పైన నాలుగైదు గద్దలు గుండ్రంగా తిరుగుతున్నాయి.

"పోయినసారి అవి లేవు గనక సరిపోయింది. మీది వచ్చిన చప్పుడు వినపడితే చాలు, పెద్దింట్లమ్మ తన చేపలు కాకులకి వదిలేసి మరీ పరిగెత్తుకొచ్చేదండీ. ఆవిడ కర్ర ఊపింది మీ డ్రోన్ మీదకి కాదు, దాన్ని తన్నడానికి దూసుకొచ్చే ఆ గద్దల మీదకి."